రాయవేలూరు వైద్యమాత – ఐడా స్కడర్

వేలూరు నుండి గుడియాత్తానికి పోయే దారి పాలారు లోయలో పల్లెల మీదుగా సాగిపోతుంది. ఇరువైపులా చింతచెట్లు, కొబ్బరి తోటలు, వేరుశనగ చేలు కనిపిస్తాయి. ఈ దారిలో నేడు బస్సులు నిమిషాల వ్యవధిలో తిరుగుతున్నాయి. నూరేళ్లకు పూర్వం ఈ దారి వెంట వారానికొకసారి ఒక బండి బయలుదేరేది. అది వస్తున్నదని తెలిసి పల్లెజనం తెల్లవారుజామునుండే చెట్ల కింద కాచుకొని ఉండేవారు. కుంటివారు, గుడ్డివారు, పసిబిడ్డలను ఎత్తుకున్న తల్లులు, పుండ్లతో బాధపడే కూలీలు ఆ బండి కోసం ఎదురుచూసేవారు. అందులో మందుల పెట్టెలతో వచ్చే డాక్టరమ్మ పేరు ఐడా సోఫియా స్కడర్. సముద్రాలు దాటి వెళ్లి వైద్యవిద్య నేర్చి, నేర్చిన విద్యను ఈ గడ్డమీద ధారపోసిన మహనీయురాలు ఆమె.

ఐడా 1870 డిసెంబరు 9వ తేదీన వేలూరుకు సమీపంలోని రాణిపేటలో జన్మించింది. ఆనాడు ఈ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911 వరకు చిత్తూరు కూడ ఆ జిల్లాలోనిదే. అందువల్ల ఇక్కడి సంతలలో తమిళం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపించేవి. ఐడా తండ్రి జాన్ స్కడర్ అమెరికా దేశపు మిషనరీ వైద్యుడు. ఆమె తాతగారు 1819లోనే అమెరికా నుండి బయలుదేరి మొదట సింహళంలోను, తరువాత మద్రాసు ప్రాంతంలోను వైద్యం చేశాడు. ఆయన సంతానంలోను, మనుమలలోను పలువురు ఇదే వృత్తిని చేపట్టారు.

ఐడాకు ఆరేడేళ్ల వయసులో దక్షిణ దేశాన్ని ఘోరమైన కరువు పట్టి పీడించింది. అది 1876–78 నాటి మహాక్షామం. చెరువులు ఎండిపోయాయి. తిండిలేక లక్షలాది ప్రజలు మరణించారు. గంజి కోసం వచ్చే పిల్లలకు ఐడా తన చిట్టిచేతులతో రొట్టెముక్కలు అందించేది. కొందరు బిడ్డలకు ఆ ముక్క నోటిలో పెట్టుకొనే శక్తి కూడ ఉండేది కాదు. ఆ దృశ్యాలు ఆమె మనసులో చెరగని ముద్ర వేశాయి. కాని ఆ ముద్ర ఆమెను ఈ దేశానికి దగ్గర చేయలేదు. ఇక్కడి దుఃఖాన్ని చూడలేక ఎక్కడికైనా దూరంగా పోవాలని ఆ పసిహృదయం కోరుకొంది.

కొంతకాలానికి ఆ కుటుంబం అమెరికాకు వెళ్లింది. అయితే తండ్రి మళ్లీ ఇండియాకు వచ్చాడు. తరువాత తల్లి కూడ భర్త వద్దకు బయలుదేరింది. ఐడా బంధువుల ఇంట ఒంటరిగా మిగిలిపోయింది. తల్లిదండ్రులను తననుండి వేరుచేసినది ఈ మిషనరీ పనియే కదా అని ఆమెకు లోలోపల బాధ ఉండేది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డ్ బాలికల పాఠశాలలో చేరి చదువుకొంది. చురుకైనది, చక్కనిది, నవ్వులాటలంటే ఇష్టపడేది. తాను మాత్రం స్కడర్ వంశంలోని తక్కినవారివలె ఇండియాకు పోనని, అమెరికాలోనే సుఖంగా స్థిరపడతానని స్నేహితురాండ్రతో చెప్పేది.

1890లో తల్లికి జబ్బుగా ఉన్నదని కబురు వచ్చింది. తల్లికి సాయంగా ఉండి, ఆమె కోలుకోగానే తిరిగి వెళ్లిపోవాలనే తలంపుతో ఐడా ఇండియాకు వచ్చింది. అప్పుడు తండ్రి తిండివనంలో పనిచేస్తున్నాడు. అక్కడ ఒకనాటి రాత్రి జరిగిన సంఘటన ఆమె జీవితాన్ని మార్చివేసింది.

ఆ రాత్రి ఐడా దీపం ముందు కూర్చొని ఉండగా వాకిట ఎవరో పిలిచారు. వచ్చినవాడు ఒక బ్రాహ్మణ యువకుడు. అతని భార్య చిన్న వయసుది. పురుటినొప్పులతో అల్లాడుతున్నది. మంత్రసానులు చేతులెత్తేశారు. ఐడా వచ్చి కాపాడాలని అతడు వేడుకొన్నాడు. తనకు వైద్యం తెలియదని, తండ్రి గొప్ప వైద్యుడు గనుక ఆయనను పంపుతానని ఐడా చెప్పింది. అతని ముఖం వాడిపోయింది. పరపురుషుడు తన ఇంటి ఆడదానిని తాకడం వారి ఆచారానికి విరుద్ధం. అతడు బరువైన మనసుతో వెనుదిరిగాడు.

కొంతసేపటికి మళ్లీ అడుగుల చప్పుడు వినిపించింది. ఈసారి వచ్చినవాడు ఒక మహమ్మదీయుడు. అతని భార్యకు కూడ అదే ఆపద. ఘోషాలో ఉండే స్త్రీని మగ డాక్టరుకు చూపడానికి అతడూ ఒప్పుకోలేదు. ఆ రాత్రే మూడవవాడు వచ్చాడు. అతడు మరొక హిందూ కులస్థుడు. అతని మొరా అదే, జవాబూ అదే. ముగ్గురూ వేరువేరు మతాచారాలు గలవారు. ఒకరి రాక ఒకరికి తెలియదు. ముగ్గురి ఇంటా ఒకే కష్టం వచ్చింది.

ఐడా ఆ రాత్రి కన్ను మూయలేదు. తెల్లవారగానే వీధిలో చావు డప్పులు వినిపించాయి. ఆమె గుండె ఝల్లుమంది. నౌకరును పంపి విచారించింది. ముగ్గురు స్త్రీలూ మరణించారని తెలిసింది. తండ్రి పక్కగదిలో ఉండి కూడ వారిని కాపాడలేకపోయాడు. లోపం ఆయన విద్యలో లేదు. ఆ విద్య నేర్చిన స్త్రీ ఒక్కతె ఆ ఊరిలో లేకపోవడమే లోపం. ఆ పని తానే చేయాలని ఐడా నిశ్చయించుకొంది. తాను అమెరికాకు వెళ్లి వైద్యం నేర్చి తిరిగి వస్తానని తల్లిదండ్రులకు చెప్పింది. ఏ దేశంనుండి పారిపోవాలని చిన్ననాడు కోరుకొన్నదో ఆ దేశానికే తన జీవితాన్ని ముడివేసుకొంది.

ఆనాడు స్త్రీలు వైద్యం నేర్చుకోవడం తేలిక కాదు. మద్రాసు వైద్యకళాశాల 1875లో స్త్రీలను చేర్చుకొన్నది గాని ఆ అవకాశం పొందినవారు బహుకొద్దిమంది. పాశ్చాత్య దేశాలలో కూడ అనేక కళాశాలలు స్త్రీలకు తలుపులు తెరవలేదు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో స్త్రీల కోసమే 1850లో ఒక వైద్యకళాశాల వెలసింది. మహారాష్ట్రానికి చెందిన ఆనందీబాయి జోషి ఓడలో అంతదూరం వెళ్లి 1886లో ఆ కళాశాలనుండే పట్టా పొందింది. అయితే ఆమె క్షయరోగంతో స్వదేశానికి చేరి, నేర్చిన విద్యతో సేవ చేయకముందే 1887లో కన్ను మూసింది. అప్పటికి ఆమెకు ఇరవైరెండేళ్లు కూడ నిండలేదు. విదేశాలలో చదువు ఎంత ఖరీదైనదో, ఎంత కష్టమైనదో ఆమె జీవితం చెబుతుంది.

ఐడా 1895లో ఆ కళాశాలలోనే చేరింది. శరీరనిర్మాణం, రసాయనశాస్త్రం, ఔషధాలు, శస్త్రచికిత్స – అన్నీ కొత్త విషయాలే. శవాలను కోసి అవయవాలను పరీక్షించే తరగతిలో మొదట గుండె దిటవు చేసుకోవలసి ఉంటుంది. కొన్నేళ్ల క్రితం ఆటపాటలతో కాలం గడిపిన యువతి ఇప్పుడు రాత్రింబవళ్లు పుస్తకాలతోను, ఆసుపత్రి వార్డులతోను గడిపింది. ఇంతలో న్యూయార్కులో కార్నెల్ విశ్వవిద్యాలయం కొత్తగా వైద్యకళాశాలను నెలకొల్పి స్త్రీలను కూడ చేర్చుకోసాగింది. అక్కడ శిక్షణ మరింత మేలుగా ఉంటుందని ఐడా చివరి సంవత్సరానికి ఆ కళాశాలకు మారింది. మగవారితో సమానంగా పరీక్షలు రాసి 1899లో పట్టా పుచ్చుకొంది. స్త్రీలకు పట్టాలిచ్చిన ఆ కళాశాల మొదటి తరగతులలో ఆమె ఒకతె.

చేతికి పట్టా వచ్చినంత మాత్రాన సరిపోదు. ఆసుపత్రి కట్టడానికి సొమ్ము కావాలి. బయలుదేరడానికి కొద్దిరోజులే మిగిలి ఉన్నాయి. ఐడా న్యూయార్కులో ఇంటింటికీ తిరిగి వేలూరు స్త్రీల అవస్థను వివరించింది. షెల్ అనే వృద్ధుడైన బ్యాంకు యజమాని ఆమె మాటలు విని కదిలిపోయాడు. మరణించిన తన భార్య మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థం 10,000 డాలర్లు విరాళమిచ్చాడు. ఆ కాలంలో అది పెద్ద మొత్తం.

1900 సంవత్సరం ఆరంభంలో ఐడా వేలూరుకు చేరింది. తండ్రి వద్ద కొన్నేళ్లు పనిచేసి అనుభవం సంపాదించాలని ఆమె ఆశ. కాని ఆ సంవత్సరమే మే నెలలో తండ్రి మరణించాడు. సలహా చెప్పే పెద్ద లేడు. ఆసుపత్రి లేదు. నర్సులు లేరు. బంగళాలోని ఒక చిన్నగదియే వైద్యశాల అయింది. మొదట్లో జనం దగ్గరికి రావడానికి జంకారు. ఆడది డాక్టరేమిటని కొందరు, తెల్లదొరసాని మందు తింటే ఏమవుతుందోనని కొందరు వెనుకాడారు. చివరి దశలో తెచ్చిన రోగులు చనిపోతే ఆ భయం మరింత పెరిగేది. ఐడా నిరాశ చెందలేదు. ఇంటిపనికి ఉన్న ఒక స్త్రీకే కట్లు కట్టడం, పరికరాలను మరగబెట్టడం నేర్పి సహాయకురాలిగా చేసుకొంది. ఒక రోగికి కళ్లు బాగుపడ్డాయి. మరొక ఇంట తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. మెల్లమెల్లగా నమ్మకం కలిగింది. తొలి రెండేళ్లలోనే ఆమె దాదాపు 5,000 మందికి వైద్యం చేసింది. 1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి వేలూరులో ప్రారంభమైంది.

ఆసుపత్రి కట్టినా అందరూ రాలేకపోయేవారు. పల్లెలలోని బీదలకు బండి బాడుగ ఇచ్చుకొనే స్తోమత లేదు. ఒకరోజు కూలి పోతే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. రోగం ముదిరిన తరువాత తీసుకొని వస్తే ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. రోగి ఆసుపత్రికి రాలేనప్పుడు ఆసుపత్రియే రోగి వద్దకు పోవాలని ఐడా ఆలోచించింది. వారానికి ఒక దినం గుడియాత్తానికి ప్రయాణం పెట్టుకొంది. దూరం ముప్పై కిలోమీటర్లకు పైమాటే. ఎద్దుబండి మీద పోయిరావడానికి చాలా కాలం పట్టేది. 1909 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలో తయారైన ఒక చిన్న మోటారు కారు ఆమెకు కానుకగా లభించింది. ఎద్దులు, గుర్రాలు లేకుండా పొగ చిమ్ముతూ, చప్పుడు చేస్తూ వచ్చే ఆ బండిని చూచి పల్లెటూరి జనం దయ్యమనుకొని పొలాలలోకి పరుగెత్తారట. తరువాత ఆ బండి చప్పుడు కోసమే చెవులు రిక్కించుకొని కూర్చొనేవారు.

గుడియాత్తం దారిలో చెట్టు చెట్టుకూ ఒక వైద్యశాల వెలసింది. కారు ఆగగానే మందుల పెట్టెలు కిందికి దిగేవి. ఒకరు పుండ్లు కడిగి కట్లు కట్టేవారు. ఒకరు మందు కలిపి ఇచ్చేవారు. ఐడా ఒక్కొక్కరినీ పరీక్షించి అవసరమైతే అక్కడే చిన్న చిన్న శస్త్రచికిత్సలు చేసేది. కుష్ఠురోగులను ఊరివారు దూరంగా తరిమినా ఆమె దగ్గరకు పిలిచి కట్టు కట్టేది. కులమేదని, మతమేదని అడగలేదు. రోగులందరూ ఒకే చెట్టునీడలో ఒకరి పక్కన ఒకరు కూర్చొనేవారు. చీకటి పడే వేళకు ఆమె తిరిగి వేలూరు చేరేది.

పని పెరిగేకొద్దీ ఐడాకు ఒక సత్యం స్పష్టమైంది. తానొక్కతె ఎంత కష్టపడినా ఎన్ని ఊళ్లకు పోగలదు? ఇంత విశాలమైన దేశానికి అమెరికా నుండి ఎందరు డాక్టర్లు రాగలరు? ఇక్కడి ఆడపిల్లలే డాక్టర్లు కావాలి. వారు సముద్రాలు దాటి, వేల రూపాయలు ఖర్చుచేసి పోనవసరం లేకుండా ఇక్కడే చదువుకోవాలి. విదేశంలో తాను పొందిన శిక్షణను ఈ ఊరికే తీసుకొని రావాలి. ఈ ఆలోచనతో ఆమె మొదట 1909లో నర్సుల శిక్షణాలయాన్ని ప్రారంభించింది. ఉత్తరాదిన లూధియానాలో 1894 నుండి స్త్రీలకు ఒక వైద్య పాఠశాల నడుస్తున్నది. దక్షిణాదిన అటువంటిది వేలూరులో నెలకొల్పాలని పట్టుబట్టింది.

ప్రభుత్వ వైద్యశాఖ అధికారులు మొదట ఆమె ప్రయత్నాన్ని నమ్మలేదు. ముగ్గురు పిల్లలు చేరినా గొప్పే అన్నట్లు మాట్లాడారు. మగపిల్లలే ఎక్కువమంది తప్పుతున్న పరీక్షలో ఆడపిల్లలు నెగ్గుతారా అని సందేహించారు. 1918 ఆగస్టులో పాఠశాల ప్రారంభమైంది. చేరడానికి 151 దరఖాస్తులు వచ్చాయి. చోటు చాలనందున ఇరవైమందికి లోపుగానే చేర్చుకోవలసి వచ్చింది. సరైన భవనం లేదు. ఒక అస్థిపంజరం, ఒక సూక్ష్మదర్శిని, కొద్ది పుస్తకాలు – ఇవే ఆ పాఠశాల ఆస్తి. ఐడా పగలు ఆసుపత్రిలో పనిచేసి, పాఠాలు చెప్పి, రాత్రి మరునాటి పాఠాలు సిద్ధం చేసుకొనేది. ప్రభుత్వ పరీక్షకు 14 మంది బాలికలు కూర్చొన్నారు. ఫలితాలు వచ్చే వరకు అందరికీ గుండె దడయే. పద్నాలుగుగురూ ఉత్తీర్ణులయ్యారు. 1922లో మొదటి జట్టు చదువు ముగించుకొని బయటికి వచ్చింది. వారిని సందేహించినవారే మెచ్చుకొన్నారు.

తరువాత కాలంలో తోటపాళెంలో పెద్ద ఆసుపత్రి, బాగాయంలో కొండల నడుమ కళాశాల భవనాలు వెలిశాయి. అంతా సాఫీగా సాగుతున్నదనుకొన్నప్పుడు మరొక పరీక్ష ఎదురైంది. 1938 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం పాత లైసెన్సు చదువును ఎత్తివేయ నిర్ణయించింది. ఇకమీదట డాక్టర్లకు విశ్వవిద్యాలయపు పట్టా ఉండాలన్నది. దానికి ఎక్కువ పడకలు, ప్రయోగశాలలు, ఉన్నత పట్టాలు గల అధ్యాపకులు కావాలి. అవి లేకుంటే పాఠశాల మూతపడుతుంది. ఇరవైయేళ్ల శ్రమ వృథా అవుతుంది. అప్పుడు ఐడాకు డెబ్బై ఏళ్లు సమీపించాయి. పైగా రెండవ ప్రపంచయుద్ధం జరుగుతున్నది. అయినా ఆమె 1941లో అమెరికాకు వెళ్లి ఊరూరా తిరిగి చందాలు సమకూర్చింది.

అక్కడ ఇంకొక చిక్కు వచ్చింది. కళాశాల నిలవాలంటే మగపిల్లలను కూడ చేర్చుకొని, అనేక సంఘాల సాయం పొందడం మేలని కొందరు చెప్పారు. స్త్రీల కోసం ఇచ్చిన సొమ్మును స్త్రీలకే వినియోగించాలని ఎంతోకాలంగా తోడ్పడిన మిత్రులు కొందరు వాదించారు. ఐడా మనసులో కూడ చాలాకాలం సంఘర్షణ జరిగింది. చివరకు సంస్థ బ్రతకడమే ముఖ్యమని తలచి ఆమె మార్పుకు ఒప్పుకొంది. దానివలన కొందరు పాత స్నేహితుల మనసు నొచ్చింది. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులకు అనుమతి లభించింది. 1947లో మగపిల్లలు కూడ చేరారు. 1950లో కళాశాలకు విశ్వవిద్యాలయపు శాశ్వత గుర్తింపు వచ్చింది.

1946లో ఐడా బాధ్యతలనుండి విరమించింది. కొద్దికాలానికి ఆ సంస్థకు నాయకత్వం వహించినది డాక్టర్ హిల్డా లాజరస్. ఈమె విశాఖపట్నంలో పుట్టినది. మద్రాసులో వైద్యం చదివి, లండన్, డబ్లిన్ నగరాలలో ఉన్నత శిక్షణ పొంది, తిరిగి వచ్చి దేశంలోని పలు ఆసుపత్రులలో సేవచేసింది. వేలూరు కళాశాలకు డైరెక్టరైన తొలి భారతీయురాలు ఈమెయే. అమెరికా నుండి వచ్చిన ఐడా నాటిన మొక్కను మన తెలుగు గడ్డమీద పుట్టిన వైద్యురాలు పెంచడం మనకు సంతోషకరమైన విషయం.

ఆ సంస్థలో చదివిన మేరీ వర్గీస్ కథ కూడ ఇటువంటిదే. ఆమె 1954లో మోటారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయినా చక్రాల కుర్చీలో కూర్చొని శస్త్రచికిత్సలు చేసింది. న్యూయార్కుకు వెళ్లి వికలాంగుల చికిత్సలో శిక్షణ పొంది, మళ్లీ వేలూరుకు వచ్చి 1966లో వారికోసం ఒక కేంద్రాన్ని ప్రారంభించింది.

ఐడా తన చివరి దినాలను కొడైకెనాల్‌లో గడిపి 1960 మే నెలలో, తొంభయ్యవ ఏట కన్ను మూసింది. వేలూరు వీధులు జనసముద్రమయ్యాయి. హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు కన్నీటితో ఆమెను సాగనంపారు. ఒకనాడు ఆమె వాకిట నిలిచి మూడు మతాచారాలవారు ఉత్త చేతులతో వెనుదిరిగారు. దాదాపు డెబ్బైయేళ్ల తరువాత అన్ని మతాలవారూ ఆమె సేవలు పొంది, ఆమె వెంట శ్మశానం వరకు నడిచారు.

చదువుకోసం దూరదేశాలకు పోవడం నేడు సామాన్యమైన విషయం. డాక్టర్లు, ఇంజనీర్లు, విమానం నడిపే పైలట్లు కావాలనుకొనే యువతీయువకులు వేలూరునుండీ, గుడియాత్తంనుండీ కూడ విదేశాలకు వెళుతున్నారు. ఎక్కడ నేర్చినా విద్య విద్యయే. కాని నేర్చిన విద్య ఎవరికి ఉపయోగపడిందన్న దానిని బట్టి దానికి విలువ ఏర్పడుతుంది. ఒక రాత్రి కాపాడలేకపోయిన ముగ్గురు తల్లుల కోసం ఐడా స్కడర్ సముద్రాలు దాటింది. ఆమె తిరిగి వచ్చినందువల్ల ఎందరో తల్లులు బ్రతికారు, ఎందరో ఆడపిల్లలు డాక్టర్లయ్యారు. గుడియాత్తం దారిలోని చింతచెట్ల నీడ ఆమె చల్లని మనసును నేటికీ మనకు గుర్తు చేస్తున్నది.